బాధితురాలి మాట, వైద్యుని నివేదిక: లైంగిక దాడి కేసుల్లో సాక్ష్యాన్ని తూచే తీరుపై ఒక విమర్శ

సాక్ష్యం అంటే ఏమిటో, నోటి సాక్ష్యానికీ పత్ర సాక్ష్యానికీ తేడా ఏమిటో, నిపుణుల అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలో ఈ సరికి మీరు చదివే ఉంటారు. ఆ నియమాలను ఇక్కడ మళ్ళీ వల్లె వేయబోవడం లేదు. ఒక రకం కేసుల్లో, అంటే లైంగిక దాడి కేసుల్లో, మన న్యాయస్థానాలు ఆ నియమాలను ఎలా వాడాయో, ఎక్కడ సరిగా వాడాయో, ఎక్కడ తడబడ్డాయో పరిశీలిద్దాం. తీర్పును చదవడం వేరు, విమర్శించడం వేరు. ఫలితం మనకు నచ్చిందా లేదా అన్నది విమర్శ కాదు. ఏ ప్రశ్నకు ఏ సాక్ష్యాన్ని జవాబుగా తీసుకున్నారు, ఆ జవాబు ఆ ప్రశ్నకు సరిపోతుందా అని అడగడమే విమర్శ.

పరీక్షల్లో ఈ అంశం మీద ప్రశ్న వస్తే విద్యార్థులు దాదాపు అందరూ ఒకే వాక్యం రాస్తారు: ‘బాధితురాలి ఏకైక సాక్ష్యం మీద శిక్ష వేయవచ్చు, వైద్య సాక్ష్యం దానిని బలపరుస్తుంది.’ వాక్యంలో తప్పు లేదు, మార్కులూ వస్తాయి. కానీ ఒక నిజమైన కేసు ఎదురైనప్పుడు ఆ వాక్యం ఎందుకూ పనికిరాదు. ఎందుకో చూడటానికి మన రాష్ట్రంలోనే, ఒకే సంవత్సరంలో, నాలుగు నెలల తేడాతో జరిగిన రెండు సంఘటనలు చాలు. బాధితుల పేర్లు ఎక్కడా రాయను. భారతీయ న్యాయ సంహితలోని 72వ సెక్షన్ అందుకు ఒప్పుకోదు. చట్టం అడ్డు రాకపోయినా రాయవలసిన అవసరం ఈ చర్చకు లేదు.

2007లో రెండు కేసులు

మొదటిది వాకపల్లి. విశాఖ మన్యంలో జి.మాడుగుల మండలానికి చెందిన ఈ గిరిజన గ్రామం ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2007 ఆగస్టు 20న గ్రేహౌండ్స్ దళానికి చెందిన 21 మంది పోలీసులు కూంబింగ్‌కు ఆ ఊరు వెళ్ళారు. వారిలో కొందరు తమపై అత్యాచారం చేశారని కోందు తెగకు చెందిన 11 మంది స్త్రీలు ఫిర్యాదు చేశారు. వైద్య, ఫోరెన్సిక్ నివేదికల్లో అత్యాచారం జాడ లేదన్న మాట అప్పట్లో అధికార వర్గాల నుంచి గట్టిగానే వినిపించింది. దర్యాప్తు చేసిన పోలీసు విభాగం ఫిర్యాదు నిజం కాదని తేల్చింది. స్త్రీలు ఆ నివేదికను సవాలు చేశారు. 2012లో హైకోర్టు 13 మంది విచారణను ఎదుర్కోవలసిందేనన్నది. విచారణను ఆపడానికి 2017లో సుప్రీం కోర్టు నిరాకరించింది. చివరికి 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేస్తూ, దర్యాప్తు అధికారుల వైఫల్యాన్ని ఎత్తిచూపింది. బాధిత స్త్రీలకు నష్టపరిహారం చెల్లించాలని కూడా చెప్పింది.

నిర్దోషులని వదిలి, బాధితులకు పరిహారం ఇమ్మనడం పొంతన లేని మాటగా మీకు అనిపించవచ్చు. చట్టం దృష్టిలో పొంతన ఉంది. కేసు కొట్టివేతతో ముగిసినా బాధితులకు పునరావాసం అవసరమని తోస్తే పరిహారానికి సిఫారసు చేసే అధికారాన్ని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 357ఎ సెక్షన్ విచారణ కోర్టుకు ఇచ్చింది. కాబట్టి ఆ తీర్పును ‘స్త్రీలు అబద్ధం చెప్పారు’ అని చదివితే అది తప్పు చదువు. ‘ఈ 13 మందే ఆ పని చేశారని రుజువు కాలేదు’ అని చదవాలి. ఈ రెండు వాక్యాల మధ్య దూరం ఎంత ఉందో ఒకసారి నిదానంగా ఆలోచించండి. ఈ వ్యాసమంతా ఆ దూరం గురించే.

రెండోది అదే ఏడు డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో జరిగింది. హాస్టల్లో ఉండి ఫార్మసీ చదువుకుంటున్న అమ్మాయి అత్యాచారానికి, హత్యకు గురైంది. 2008లో పోలీసులు ఒక పేద యువకుణ్ణి అరెస్టు చేశారు. డి.ఎన్.ఏ. నివేదికతో సహా తమ దగ్గర బలమైన సాక్ష్యం ఉందన్నారు. 2010లో విజయవాడలోని మహిళా సెషన్స్ కోర్టు అతనికి యావజ్జీవ శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు ఆ శిక్షను కొట్టివేసి, అతనికి లక్ష రూపాయల పరిహారం ఇమ్మన్నది. అప్పటికి అతను ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. తరువాత కేసును సి.బి.ఐ.కి అప్పగించారు. ఆ అమ్మాయి తల్లి మొదటినుంచీ ఇతను నేరస్థుడు కాడనే చెబుతూ వచ్చింది.

మొదటి కేసులో మాట్లాడగల బాధితులు 11 మంది ఉన్నారు. కానీ వారి మాటను నేరస్థుల దాకా తీసుకెళ్ళే దర్యాప్తు జరగలేదు. రెండో కేసులో మాట్లాడవలసిన మనిషి చనిపోయింది. కాగితాలే మాట్లాడాయి, ఆ కాగితాలు ఒక మనిషి బతుకులో ఎనిమిదేళ్ళు తీసేశాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు ‘మాట గొప్పదా, వైద్యం గొప్పదా’ అని అడగరు. ఆ ప్రశ్నే సరిగా లేదు.

ఏ ప్రశ్నకు ఏ సాక్ష్యం

లైంగిక దాడి కేసులో న్యాయాధికారి ముందు మూడు విడివిడి ప్రశ్నలు ఉంటాయి. లైంగిక చర్య జరిగిందా? ఆమె ఇష్టంతో జరిగిందా? చేసినవాడు ఇతనేనా? మొదటి ప్రశ్నకు వైద్యుడు కొంతవరకు జవాబు చెప్పగలడు. అది కూడా సమయానికి పరీక్ష జరిగితేనే. మూడో ప్రశ్నకు, నమూనాలు సరిగా తీసి, సరిగా భద్రపరిచి ఉంటే, ప్రయోగశాల జవాబు చెప్పగలదు. లేదా నిందితుడు తెలిసినవాడైతే ఆమే చెప్పగలదు. తెలియనివాడైతే గుర్తింపు పరేడ్ ఉండాలి. రెండో ప్రశ్నకు మాత్రం ప్రపంచంలో ఏ పరీక్షా జవాబు చెప్పదు. ఇష్టం అనేది మనసుకు సంబంధించినది. దాని గురించి చెప్పగలిగింది ఆమె ఒక్కతే. మిగిలినవన్నీ ఆమె మాటను నమ్మడానికో, అనుమానించడానికో తోడ్పడే పరిస్థితులు మాత్రమే.

మన న్యాయ చరిత్రలో జరిగిన పెద్ద పొరపాటు రెండో ప్రశ్నకు జవాబును ఆమె శరీరంలో వెతకడం. దానికి ప్రసిద్ధమైన ఉదాహరణ తుకారాం వర్సెస్ మహారాష్ట్ర. చాలా పుస్తకాలు ఆ కేసును బాధితురాలి పేరుతో పిలుస్తాయి, మనం మాత్రం రిపోర్టుల్లో ఉన్న పేరుతోనే పిలుద్దాం. 1972 మార్చి 26 రాత్రి చంద్రపూర్ జిల్లా దేశాయిగంజ్ పోలీసు స్టేషన్లో ఒక గిరిజన బాలికపై అత్యాచారం జరిగిందని ఆరోపణ. వయసు 14, 16 ఏళ్ళ మధ్య ఉంటుందని అంచనా. మరుసటి రోజు రాత్రి ఎనిమిది గంటలకు, అంటే సుమారు ఒక రోజు గడిచాక, వైద్య పరీక్ష జరిగింది. ఒంటిమీద గాయాలు లేవు. కన్నెపొరలో పాత చిరుగులు ఉన్నాయి. సెషన్స్ కోర్టు కేసు కొట్టేసింది. హైకోర్టు నాగపూర్ బెంచి శిక్ష వేసింది. 1978 సెప్టెంబరులో సుప్రీం కోర్టు మళ్ళీ కొట్టేసింది. గాయాలు లేవు కాబట్టి ఆమె గట్టిగా ఎదిరించానన్న మాట అబద్ధమని, ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని తీర్పు నడిచింది.

ఈ తర్కంలో ఎన్ని మెట్లు దాటేశారో లెక్క పెట్టండి. గాయం లేదు అనేది వైద్యుడు చూసినది. ఎదిరించలేదు అనేది న్యాయమూర్తి ఊహించినది. ఒప్పుకుంది అనేది ఆ ఊహ మీద మరో ఊహ. రాత్రివేళ పోలీసు స్టేషన్లో, ఇద్దరు పోలీసుల మధ్య, కూలి పనులు చేసుకునే ఒక పిల్ల ఎదిరించకపోవడానికి భయం కూడా ఒక కారణం కావచ్చునన్న ఆలోచనకు ఆ మెట్ల మీద చోటు దొరకలేదు. 1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, రఘునాథ్ కేల్కర్, వసుధా ధగంవార్ అనే నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు ప్రధాన న్యాయమూర్తికి రాసిన బహిరంగ లేఖ ముఖ్యంగా పట్టుకున్నది దీనినే: లొంగిపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. తీర్పు విమర్శ అంటే ఎలా ఉండాలో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఆ లేఖను మించిన పాఠం లేదు.

ఆ రోజుల్లోనే మన హైదరాబాదులో, 1978 మార్చి చివర, రాత్రి సినిమా చూసి వస్తున్న ఒక రిక్షా కార్మికుణ్ణి, అతని భార్యను నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. ఆమెపై అత్యాచారం జరిగింది, భర్త దెబ్బలకు చనిపోయాడు అన్న ఆరోపణతో నగరం అట్టుడికిపోయింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ఆమె మాటను నమ్మి, పోలీసులదే నేరమని నివేదిక ఇచ్చింది. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాదన ఎక్కువగా ఆమె నడవడిక చుట్టూ తిరిగింది. విచారణను కర్ణాటకలోని రాయచూరుకు మార్చారు. 1981లో అక్కడి కోర్టు పోలీసులను విడిచిపెట్టింది. కమిషన్ తేల్చిన విషయం కోర్టులో రుజువు కాదు. ఈ సంగతి తెలియక ఇప్పటికీ చాలామంది ‘కమిషన్ దోషులంది కదా, ఎలా వదిలేశారు’ అంటారు. కమిషన్ పని ప్రభుత్వానికి వాస్తవాలు నివేదించడం. శిక్షకు కావలసిన రుజువు కోర్టులో కొత్తగా నిలబడాలి.

రెండు వేళ్ళ పరీక్ష

తుకారాం కేసులో వైద్యురాలి నివేదికలో మరో మాట కూడా ఉంది: రెండు వేళ్ళు సులువుగా పట్టాయని. ఈ పరీక్ష చేసి, ‘ఈమెకు సంభోగం అలవాటే’ అని రాయడం మన ఆసుపత్రుల్లో దశాబ్దాల పాటు నడిచింది. ఇది వైద్యపరంగా అర్థం లేనిది. కన్నెపొర సాగే గుణం మనిషికీ మనిషికీ మారుతుంది. న్యాయపరంగా అంతకన్నా అర్థం లేనిది. ఒక స్త్రీకి ఇదివరకు లైంగిక అనుభవం ఉందనుకుందాం. దాని నుంచి ఫలానా రాత్రి ఫలానావాడికి ఆమె ఒప్పుకుందని ఎలా తేలుతుంది? పెళ్ళయిన స్త్రీల ఫిర్యాదులన్నీ అబద్ధాలేనా?

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళేవారు దారిలో గొల్లభామ గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుంటారు. పెళ్ళికాని ఆనందవల్లిని శివుడు తన మాయతో గర్భవతిని చేశాడని స్థలపురాణం. చూసేవారి కంటికి కనిపించేది కడుపు, ఆమెకు తెలిసినది వేరు. పురాణాన్ని చట్టానికి ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. శరీరం మీద ఒక గుర్తు కనబడగానే దాని వెనక కథంతా తమకే తెలుసునని చూసేవాళ్ళు అనుకోవడం ఎంత పాత అలవాటో చెప్పడానికి, ఇక్కడ పుట్టిన ప్రతివారికీ తెలిసిన కథ కాబట్టి తలచాను.

చట్టం ఈ అలవాటును మెల్లగా వదిలించుకుంది. ఫిర్యాది నడవడిక మంచిది కాదని చూపి ఆమె సాక్ష్యాన్ని కొట్టివేయించడానికి పాత సాక్ష్య చట్టం 155వ సెక్షన్ నాలుగో క్లాజు వీలిచ్చేది. 2002 సవరణతో దాన్ని తీసేశారు. సమ్మతి ప్రశ్నలో గత లైంగిక అనుభవానికి ప్రసక్తి లేదని 2013లో 53ఎ సెక్షన్ చేర్చారు. ఇప్పుడు అది భారతీయ సాక్ష్య అధినియంలో 48వ సెక్షన్. అదే 2013లో లిల్లు వర్సెస్ హర్యానా కేసులో రెండు వేళ్ళ పరీక్ష స్త్రీ గౌరవానికి, ఆమె ఏకాంత హక్కుకు భంగకరమని సుప్రీం కోర్టు చెప్పింది. అయినా ఆగలేదు. అందుకే 2022 అక్టోబరు 31న శైలేంద్ర కుమార్ రాయ్ కేసులో ఆ పరీక్ష చేసినవారిని దుష్ప్రవర్తన కింద బాధ్యులుగా చూడాలని చెప్పవలసి వచ్చింది. 1972 నాటి నివేదికలోని ఒక వాక్యాన్ని వదిలించుకోవడానికి అర్ధశతాబ్దం పట్టిందన్న మాట.

మాటను తూచడం

ఇక బాధితురాలి మాట. ఒక విషయాన్ని రుజువు చేయడానికి ఇంతమంది సాక్షులు ఉండాలన్న నియమం మన చట్టంలో లేదు. పాత 134వ సెక్షన్, ఇప్పటి 139 అదే చెబుతాయి. 1957లో వడివేలు తేవర్ కేసులో సుప్రీం కోర్టు సాక్షులను మూడు తరగతులు చేసింది: పూర్తిగా నమ్మదగినవారు, పూర్తిగా నమ్మదగనివారు, ఈ రెండూ కానివారు. మొదటివారి మాట ఒక్కటే చాలు. రెండోవారి మాట ఎంతమంది బలపరిచినా చెల్లదు. మూడో తరగతివారి విషయంలోనే బలపరిచే సాక్ష్యం వెతకాలి. హత్య కేసులో చెప్పిన ఈ మాట లైంగిక దాడి కేసులకూ చక్కగా సరిపోతుంది.

కానీ అత్యాచార బాధితురాలిని మన కోర్టులు చాలాకాలం మామూలు సాక్షిగా చూడలేదు. 1952లో రామేశ్వర్ కేసులో బలపరిచే సాక్ష్యం తప్పనిసరి కాదంటూనే, దాని అవసరాన్ని న్యాయమూర్తి మనసులో ఉంచుకోవాలని అన్నారు. ఆమెను నేరంలో పాలుపంచుకున్న వ్యక్తి పక్కన నిలబెట్టి చూసే దృష్టి అది. 1990లో చంద్రప్రకాశ్ జైన్ కేసు ఆ దృష్టిని మార్చింది. అక్కడ నిందితుడు నాగపూర్‌లో పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరు. ఆమె నేరంలో భాగస్వామి కాదు, నేరానికి గురైన మనిషి, కాబట్టి గాయపడ్డ సాక్షికి ఇచ్చే విలువ ఆమెకూ ఇవ్వాలన్నది కోర్టు. ఇది సరైన పునాది.

అదే పని 1983లో భర్వాడా భోగిన్‌భాయ్ కేసు కూడా చేసిందని పాఠ్యపుస్తకాలు మెచ్చుకుంటాయి. నేను అంతగా మెచ్చుకోలేను. సాక్షి జ్ఞాపకం వీడియో టేపు కాదు, చిన్న చిన్న తేడాలకు సాక్ష్యాన్ని తోసిపుచ్చకూడదు అని అందులో చెప్పిన భాగం చాలా విలువైనది. పదేళ్ళు దాటాక విచారణ మొదలైన వాకపల్లి లాంటి కేసుల్లో ఆ మాట ఇంకా ముఖ్యం. కానీ అదే తీర్పు, సంప్రదాయాలకు కట్టుబడిన భారత స్త్రీ పరువు పోతుందని భయపడుతుంది కాబట్టి అబద్ధపు ఆరోపణ చేయదు అని కూడా వాదించింది. ఫలితం ఆమెకు అనుకూలం, కారణం మాత్రం ప్రమాదకరం. పరువు భయమే నిజాయితీకి హామీ అయితే, కోర్టు ఊహించుకున్న ‘సంప్రదాయ స్త్రీ’ నమూనాకు సరిపోని స్త్రీకి ఆ హామీ ఉండదు. రాత్రి రెండో ఆట సినిమాకు వెళ్ళిన రిక్షా కార్మికుని భార్య సంగతేమిటి? 2020లో కర్ణాటక హైకోర్టు ఒక బెయిలు ఉత్తర్వులో, అత్యాచారం తరువాత అలసి నిద్రపోయానన్న ఫిర్యాది మాట భారత స్త్రీకి తగినట్టు లేదని రాసింది. తరువాత ఆ వ్యాఖ్యను తొలగించింది. చూడండి, ఒకచోట నమ్మడానికి వాడిన నమూనాయే మరోచోట నమ్మకపోవడానికి పనికొచ్చింది.

నమూనాలు పక్కన పెట్టి మాటను తూచిన తీర్పు 1996 నాటి పంజాబ్ రాష్ట్రం వర్సెస్ గుర్మీత్ సింగ్. ఈ ఒక్క తీర్పునైనా మీరు మొదటినుంచి చివరిదాకా చదవాలి. 1984 మార్చి 30న పదో తరగతి పరీక్ష రాసి వస్తున్న పదహారేళ్ళు నిండని పిల్లను ముగ్గురు కారులో ఎత్తుకుపోయారు. మర్నాడు తెల్లవారి వదిలిపెడితే, ఆమె వెళ్ళి ఆ రోజు పరీక్ష రాసి, ఇంటికి వెళ్ళి తల్లికి చెప్పింది. పంచాయతీ పెట్టారు, తేలలేదు. తరువాత పోలీసుల దగ్గరకు వెళ్ళారు. విచారణ కోర్టు నమ్మలేదు. ఎందుకంటే ఆ కారు ఫియటో, అంబాసిడరో, మాస్టరో ఆమె తేల్చి చెప్పలేకపోయింది. దారిలో కేకలు వేయలేదు. పరీక్ష హాల్లో టీచర్లకు చెప్పలేదు. ఫిర్యాదు ఆలస్యమైంది.

ఒక పల్లెటూరి పిల్లకు కార్ల రకాలు తెలియకపోతే నేరం జరగనట్టా? బెదిరించి తీసుకుపోతున్నవాళ్ళ మధ్య కూర్చుని కేకలు ఎలా వేస్తుంది? పదో తరగతి పరీక్ష పోగొట్టుకోకూడదనుకోవడం ఏ ఊళ్ళోనైనా అర్థం కాని విషయమా? పరీక్ష రాయడం, టీచర్లకు చెప్పకపోవడం, ముందుగా అమ్మకు చెప్పడం, ఇవన్నీ ఆమె మాటను బలహీనపరచవు. అలాంటి వయసు పిల్ల అలాగే చేస్తుంది. సుప్రీం కోర్టు కొట్టివేతను రద్దు చేసి శిక్ష వేసింది. ఆమె నడవడికను కించపరుస్తూ కింది కోర్టు రాసిన మాటలను గట్టిగా తప్పుబట్టింది.

దీనికి ఎదురుగా 2020 నాటి సంతోష్ ప్రసాద్ వర్సెస్ బీహార్ ఉంది. అక్కడ సుప్రీం కోర్టు నిందితుణ్ణి వదిలిపెట్టింది. రెండు పక్షాల మధ్య భూమి తగాదా ఉంది, ఆమె కథనంలో ముఖ్యమైన వైరుధ్యాలు ఉన్నాయి, వైద్య సాక్ష్యం బలపరచలేదు. పల్నాటి పల్లెల్లో పెరిగినవారికి పొలం గట్టు తగాదా ఎంత దూరం పోతుందో వేరే చెప్పనక్కరలేదు. ఆ కక్షతో తప్పుడు కేసు పెట్టడానికి వీలుంది. ఆ కక్షతోనే ఎదుటి ఇంటి ఆడమనిషిపై దాడి చేయడానికీ వీలుంది. వైరం ఉందన్న ఒక్క సంగతి ఏ వైపూ మొగ్గు చూపదు. కథనంలో వైరుధ్యం ఏ విషయంలో ఉంది, అసలు విషయంలోనా, అంచుల్లోనా అన్నదే చూడవలసినది.

ఈ తీర్పులో వాడిన ‘స్టెర్లింగ్ విట్నెస్’ అనే మాట, అంటే మచ్చలేని సాక్షి అనే భావన, 2012 నాటి రాయ్ సందీప్ కేసు నుంచి వచ్చింది. మొదటి ఫిర్యాదు నుంచి కోర్టు బోను దాకా ఒకే కథనం, క్రాస్ ఎగ్జామినేషన్‌కు చలించకపోవడం, మిగతా సాక్ష్యాలన్నిటితో పొందిక, ఇవన్నీ ఉన్న సాక్షి మాట ఒక్కటే చాలు అన్నది దాని సారాంశం. అంతవరకు అభ్యంతరం లేదు. కానీ తరువాతి కాలంలో కొన్ని కోర్టులు దీన్ని తిరగేసి, మచ్చలేని సాక్షి కాకపోతే నమ్మనక్కరలేదు అన్నట్టు వాడుతున్నాయి. అప్పుడు వడివేలు తేవర్ చెప్పిన మూడో తరగతి మాయమైపోతుంది. నిజానికి బాధితుల్లో ఎక్కువమంది ఉండేది ఆ మూడో తరగతిలోనే. కొంత మరిచిపోయినవారు, కొంత సిగ్గుపడి మొదట చెప్పనివారు, తారీఖు తప్పు చెప్పినవారు. వారి విషయంలో కోర్టు చేయవలసినది తోసిపుచ్చడం కాదు. బలపరిచే సాక్ష్యం ఉందా అని వెతకడం. ఆ సాక్ష్యం ఉండాలంటే దాన్ని ఎవరో ఒకరు సమయానికి సేకరించి ఉండాలి.

ఆసుపత్రిలో, స్టేషన్లో

మీలో కొందరు ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, హోంగార్డులు, మహిళా పోలీసులు ఉంటారని నాకు తెలుసు. ఈ భాగం మీకు పాఠం కన్నా ఎక్కువ. సమాచారం అందిన 24 గంటల్లో, ఆమె సమ్మతితో, అర్హత ఉన్న వైద్యుని చేత పరీక్ష చేయించాలని 2005 సవరణ చట్టం ద్వారా 164ఎ సెక్షన్ వచ్చింది. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 184. పరీక్ష మొదలైన సమయం, ముగిసిన సమయం రాయాలి. ప్రతి నిర్ధారణకూ కారణం రాయాలి. నివేదిక ఏడు రోజుల్లో దర్యాప్తు అధికారికి పంపాలని కొత్త సంహిత గడువు పెట్టింది. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా ప్రథమ చికిత్స చేసి తీరాలి.

కారణం రాయాలన్న ఆ చిన్న షరతులో చాలా విషయం ఉంది. ‘అత్యాచారం జరిగిన దాఖలా లేదు’ అని వైద్యుడు రాస్తే, అది నిపుణుని అభిప్రాయం కాదు. అత్యాచారం అనేది రోగనిర్ధారణ కాదు, చట్టం తేల్చవలసిన నేరం. వైద్యుడు రాయవలసింది వేరు: ఘటన జరిగిందని చెప్పిన సమయం నుంచి పరీక్ష దాకా ఎన్ని గంటలు గడిచాయి, ఈ లోపు ఆమె స్నానం చేసిందా, బట్టలు మార్చుకుందా, పిల్లలు కన్న స్త్రీయా, బెదిరింపు వల్ల ఎదిరించలేకపోయానని చెప్పిందా, వీటిని బట్టి గాయాలు గాని, వీర్యకణాలు గాని కనిపించకపోవడానికి వివరణ ఉందా. కొద్దిపాటి ప్రవేశం జరిగినా నేరం పూర్తవుతుందని చట్టం చెబుతున్నప్పుడు, ఏమీ కనబడలేదన్న మాట ఏమీ జరగలేదన్న మాట కాదు. పిల్లల తల్లులైన స్త్రీలలో లోపలి గాయాలు కనబడకపోవడం వింతేమీ కాదు. ఎదిరించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని 2013 సవరణ చట్టంలోనే రాసింది.

వైద్య సాక్ష్యం మాటను పూర్తిగా ఓడించే సందర్భం కూడా ఉంది. ఆమె చెప్పినట్టు జరగడం అసాధ్యమని వైద్యం ఖచ్చితంగా తేల్చినప్పుడు, లేదా సరిగా సీలు వేసిన నమూనాలోని డి.ఎన్.ఏ. మరొకరిదని తేలినప్పుడు మాట నిలవదు, నిలవకూడదు కూడా. అయితే ‘సరిగా సీలు వేసిన’ అన్నది మరవకండి. నమూనా ఎవరు తీశారు, ఎవరి చేతుల మీదుగా ప్రయోగశాలకు చేరింది, మధ్యలో ఎన్ని రోజులు ఎక్కడ ఉంది అన్న గొలుసులో ఒక్క లంకె తెగినా ఆ కాగితం విలువ పడిపోతుంది. ఇబ్రహీంపట్నం కేసు చదివేవారు ఈ గొలుసును తప్పక పరీక్షించాలి. డి.ఎన్.ఏ. అన్న మూడక్షరాలు వినగానే మన బుర్రలు ఆలోచించడం మానేస్తాయి. బాధితురాలి మాటను వంద ప్రశ్నలతో వేధించే న్యాయవాది ప్రయోగశాల నివేదికను ఒక్క ప్రశ్న కూడా అడగకపోవడం నేను చాలా తీర్పుల్లో చూశాను.

మళ్ళీ వాకపల్లి దగ్గరకు వద్దాం. తుకారాం తీర్పు మీద వచ్చిన ఆగ్రహంతో 1983లో 114ఎ సెక్షన్ తెచ్చారు. ఇప్పుడది సాక్ష్య అధినియంలో 120. పోలీసుల కస్టడీలో గాని, సామూహికంగా గాని అత్యాచారం జరిగిందన్న కేసుల్లో, లైంగిక చర్య రుజువై, తాను ఒప్పుకోలేదని ఆమె కోర్టులో చెబితే, ఒప్పుకోలేదనే కోర్టు భావించాలి. చూడటానికి వాకపల్లి లాంటి కేసు కోసమే తెచ్చినట్టు ఉంటుంది. కానీ అది జవాబిచ్చేది రెండో ప్రశ్నకు మాత్రమే. వాకపల్లిలో కేసు పడిపోయింది మూడో ప్రశ్న దగ్గర. ఒకే రకం దుస్తుల్లో, ముక్కూ మొహం తెలియని సాయుధులు ఊళ్ళోకి వచ్చినప్పుడు, వారిలో ఎవరు ఏం చేశారో 11 మంది స్త్రీలు ఎలా చెప్పగలరు? జ్ఞాపకం తాజాగా ఉన్నప్పుడే గుర్తింపు పరేడ్ పెడితే చెప్పగలరు. ఆ రోజు ఆ ఊరికి వెళ్ళిన ప్రతి మనిషి పేరూ దళం రికార్డుల్లో ఉంటుంది. కాబట్టి అనుమానితులను వెతుక్కునే పని కూడా లేదు. ఆ అవకాశం పోయాక, 1983 సవరణ గాని, 2013 సవరణ గాని, గుర్మీత్ సింగ్ తీర్పు గాని వారికి ఉపయోగపడలేదు. స్త్రీల మాట తేలికైపోయి కాదు, ఆ మాటను ఫలానా ముద్దాయి దగ్గరికి చేర్చే దారి దర్యాప్తులోనే మూసుకుపోయింది.

ఈ వ్యాసం తరువాత మీరు చేయవలసిన పని ఒకటుంది. గుర్మీత్ సింగ్ తీర్పును, సంతోష్ ప్రసాద్ తీర్పును పక్కపక్కన పెట్టుకోండి. ప్రతి పేరాకూ ఎదురుగా, అది పై మూడు ప్రశ్నల్లో దేనికి జవాబు చెబుతున్నదో పెన్సిలుతో రాయండి. వైద్యుని సాక్ష్యం గురించి రాసిన పేరా దగ్గర కాసేపు ఆగి, పరీక్ష ఎన్ని గంటల తరువాత జరిగిందో తీర్పులో ఉందో లేదో వెతకండి. లేకపోతే ‘లేదు’ అని రాయండి. కాంటాక్టు తరగతికి వచ్చేటప్పుడు ఆ కాగితాలు వెంట తెచ్చుకోండి.